పట్టుకొన్నోడే పడతాడు

మా పెద్దమామను మొన్న తాళ్ళతో దించారు.

గూడూరు సమాధుల తోటలో, గుంటకు అటిద్దరూ ఇటిద్దరూ నిలబడి, రెండు తాళ్ళ మీద పెట్టెను ఆనించి మెల్లగా వదులుతూ పోయారు. ఆ నలుగురిలో మా ఆయన ఒకడు. బతికినన్నాళ్ళూ ఆ పెట్టెలోని మనిషి తాడు మొహం చూసినవాడు కాదు. "తాడు కట్టేది ఎద్దుకి, మనిషికి గాదు" అని ఊరందరికీ బోధించినవాడు. ఆ మాట గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకొన్నాను. పక్కనున్న ముసలామె నేను ఏడుస్తున్నాననుకొని వీపు నిమిరింది. నిమరనిచ్చాను.

తర్వాత ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో కొత్తగా వచ్చిన చర్చి అయ్యగారు లేచి, ఆయన ధైర్యానికి మారుపేరనీ, జీవితంలో దేన్నీ పట్టుకొని వేలాడలేదనీ, పిల్లలంతా ఆయన అడుగుజాడల్లో నడవాలనీ చెప్పారు. పాపం, ఆ అయ్యగారు ఈ ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. తెలిసినవాళ్ళు కూడా తలలూపారు, అదీ నా బాధ. పోయినవాళ్ళను గురించి మంచే చెప్పాలంటారు. చెప్పేవాళ్ళు అంతమంది ఉన్నారు కాబట్టి నేను మిగతాది చెబుతాను.

ఆయన మా అమ్మకు అన్న. గూడూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ నిక్కరు, మెడలో ఈల. ఆ ఈలను చర్చిలో కూడా తీసేవాడు కాదు. ప్రార్థన సాగేటప్పుడు ఆయన కునికితే అది ముందు బల్లకు టక్కున తగిలేది. వెనకున్న పిల్లలు ఆ చప్పుడు కోసమే కాచుకొని ఉండేవాళ్ళు.

ఆయనకున్న గొప్పతనం ఒక్కటే, దేన్నీ పట్టుకోడు. రాపూరు బస్సు మలుపు తిరిగేటప్పుడు అందరం పైకమ్మీ పట్టుకొని ఊగుతుంటే, ఆయన నడిమధ్యన చేతులు కట్టుకొని నిలబడేవాడు. ఒకటి రెండుసార్లు ఎవరి ఒళ్ళోనో పడ్డాడు కూడా. లేచి, ఆ ఒడి గల మనిషినే "సరిగ్గా కూర్చో" అని గద్దించేవాడు. కాలవ మీద అడ్డంగా వేసిన తాటిమొద్దు దాటేటప్పుడు నిక్కరు జేబుల్లో చేతులు పెట్టుకొనేవాడు. చర్చిలో మోకాళ్ళ మీది నుంచి లేచేటప్పుడు ముసలీ ముతకా అంతా ముందు బల్ల పట్టుకొని లేస్తారు. ఆయన మాత్రం స్ప్రింగు మాదిరి లేచి, పట్టుకొని లేచేవాళ్ళ వంక ఒకసారి చూసేవాడు. దేవుడి ముందు వంగిందానికంటే ఆ చూపు చూసిందానికే ఆయనకు ఎక్కువ తృప్తి.

మిద్దె కట్టించినప్పుడు మేస్త్రీ అలవాటు కొద్దీ పిట్టగోడ లేపితే దగ్గరుండి కూల్చేయించాడు. గోడ ఉంటే మనిషి దాన్ని నమ్ముకొని ఒళ్ళు మరుస్తాడని ఆయన సిద్ధాంతం. ఎండాకాలం మిరపకాయలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కే పని మా అత్తది. పాపం, ఆవిడ చాటను ముందుకు నెట్టుకొంటూ, కూర్చొని దేక్కుంటూ పోయేది. సిద్ధాంతం ఆయనది, దేకుడు ఆవిడది. మగవాళ్ళ సిద్ధాంతాలన్నీ దాదాపు ఇట్లాగే నడుస్తాయని నాకు ఆ మిద్దె మీదే తెలిసింది.

ఇక దొరగుండు సంగతి. గూడూరుకు పడమటగా అభ్రకం గనులు దాటి పోతే, కొండల అంచున రిజర్వు ఫారెస్టులో ఒక పెద్ద గుండు ఉంది. ఎప్పుడో సర్వే పని మీద వచ్చిన దొర ఎవరో దాని నెత్తిన జెండా పాతడానికి ఎక్కాడట. ఎక్కడానికి వీలుగా రాతికి బెజ్జాలు వేయించి, అయిదు ఇనప మేకులు దిగగొట్టించాడట. మూడు తాటిచెట్ల ఎత్తు గుండుకు అయిదంటే అయిదు మేకులు. మేకుకూ మేకుకూ నడుమ వేళ్ళు దూరే పగులు ఒకటి, అరికాలు ఆనే గుంట ఇంకొకటి, మిగతాదంతా దేవుడి దయ. వెనకవైపు నిట్టనిలువు లోయ, అటు కోతులు కూడా దిగవు.

ఈస్టరు మరునాటి సోమవారం మా చర్చి సంఘమంతా అక్కడికి పోయేది. గనులకు పోయే ఖాళీ లారీ ఒకటి మాట్లాడుకొని, పులిహోర గిన్నెలతో సహా ఎక్కేవాళ్ళం. దిగేసరికి అందరి బట్టలకూ అభ్రకం పొడి అంటుకొని మిలమిలలాడేది. ఆడవాళ్ళు చెట్టు కింద చాపలు పరిచేవాళ్ళు. మగవాళ్ళు ఎండ ముదరకముందే గుండెక్కి, పైన ఒక కీర్తన పాడి దిగేవాళ్ళు. ఇంతవరకూ బాగానే ఉంది.

అందరికంటే ముందు మా మామ ఎక్కేవాడు. ఉత్త కాళ్ళతో, ఒక్క మేకూ ముట్టకుండా, గోడ మీద బల్లిలా పోయేవాడు. ఆయనకు ఎక్కడం వచ్చు, నేను కాదనను. రానివాడైతే ఊరికి ఇంత పీడ ఉండేది కాదు. పైకి చేరి అంచున కూర్చొని, వెనక వచ్చేవాళ్ళలో ఎవరు ఎన్ని మేకులు పట్టుకొన్నారో లెక్క చూసేవాడు. ఒక్కొక్కడూ పైకి రాగానే ఈల ఊది, కింద మాకు వినపడేట్టు అరిచేవాడు. "సుందరం, రెండు." "హెడ్మాస్టరు గారు, మూడు." ఆ అంకె ఇక ఆ మనిషికి ఇంటిపేరు. అంగట్లో, స్టేషన్లో, ఆఖరికి ప్రభుభోజనం వరసలో కూడా ఆయన మూడు మేకుల హెడ్మాస్టరే. సంబంధాలు మాట్లాడుకొనేటప్పుడు పిల్లాడి చదువూ జీతమూ అడిగాక, గొంతు తగ్గించి "మేకులెన్ని?" అని అడిగే దాకా వచ్చింది. నవ్వులాటకు అడిగినట్టే అడిగేవాళ్ళు, జవాబు మాత్రం గుర్తుపెట్టుకొనేవాళ్ళు.

దిగడం మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నామో కంటికి కనపడదు కాబట్టి అందరూ అన్ని మేకులూ పట్టుకొనే దిగేవాళ్ళు, మా మామతో సహా. కానీ అప్పటికి కింద పులిహోర వడ్డన మొదలయ్యేది. అటు చూసేవాళ్ళు ఉండరు. ఎక్కడం పౌరుషం, దిగడం ఆకలి.

ఒక ఏడాది యోహాను అనే పిల్లాడు పడ్డాడు. నిమ్మకాయల మండీలో కాటా వేసేవాడు, అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఒక్క మేకూ ముట్టకూడదని పంతం పట్టి సగం దాకా పోయి, అక్కడ కాళ్ళు వణికి, చెయ్యి చాచి మేకు అందుకోబోయి జారాడు. తుంటి విరిగింది. లారీలో చాప మీద వేసుకొని వస్తుంటే గతుకు గతుకుకూ అరిచాడు. వాళ్ళమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. మా మామ ఆ తల్లి ఎదురుగా కూర్చొని ఏమన్నాడో నా చెవులతో విన్నాను. "మేకు మీద మనసు పోయింది, అందుకే పడినాడు. పట్టుకొన్నోడే పడతాడు." ఆ మాట ఆయనకే ఎంత నచ్చిందంటే, అప్పట్నుంచీ దాన్ని సామెత చేసి పారేశాడు. డ్రిల్లు క్లాసులో అదే, పెళ్ళి విందుల్లో అదే. యోహాను కుంటుకుంటూ ఎదురొచ్చినా అదే. నేను ఆయన్ను అసహ్యించుకోవడం ఆ లారీలో మొదలైంది, ఈ రోజుకూ అయిపోలేదు.

మరుసటేడు అప్పటి అయ్యగారు భయపడి బావితాడు ఒకటి తెచ్చారు. మామ దాన్ని పొదల్లోకి విసిరేసి ఎద్దు మాట చెప్పాడు. అయ్యగారు రెండు మేకుల మనిషి, ఏం మాట్లాడగలరు?

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మా నేనూ ఇద్దరం చిన్నబడిలో టీచర్లం. మా బర్రెకు జ్వరమొస్తే చూడటానికి పశువుల ఆసుపత్రి నుంచి దేవదానం అనే కాంపౌండరు వచ్చాడు. విడవలూరు దగ్గర ఒక పల్లె వాళ్ళది. బర్రెకు జ్వరం తగ్గిన తర్వాత కూడా చూసిపోవడానికి వస్తుండేవాడు. ఇక దానికి జ్వరం రాదని మా అమ్మకు తెలిసిపోయి, ఒకరోజు సూటిగా అడిగింది. ఆయన సూటిగానే చెప్పాడు. నన్నడిగితే నేనూ చెప్పాను. తండ్రి లేని పిల్లకు మేనమామే పెద్ద కాబట్టి అమ్మ పోయి ఆయనకు చెప్పింది.

"విడవలూరోడా? ఆడ గడ్డివామి కంటే ఎత్తయింది ఏముంది?" అన్నాడు మామ. "ఈస్టరుకి గుండెక్కమను. ఎన్ని మేకులో చూసి చెప్తా."

ఆ సోమవారం దేవదానం గుండెక్కిన తీరు మా సంఘంలో ఎవరూ మరిచిపోలేదు. మొదటి మేకును రెండు చేతులా పట్టుకొన్నాడు. పట్టుకొని, తీరిగ్గా ఊపిరి పీల్చుకొని, చుట్టూ చూశాడు. రెండోదాని దగ్గరా అంతే. మూడో మేకు దగ్గర ఆగి కిందికి చూసి, "అత్తా, పులిహోర ఉంచండి, అయిపోగొట్టబాకండి" అని మా అమ్మకు చెప్పాడు. నాలుగూ అయిదూ కూడా పాత చుట్టాలను పలకరించినట్టు పట్టుకొని పైకి చేరాడు. మామ ఈల ఊదాడు. "అయిదు" అని తీర్పు చెప్పినట్టు అరిచాడు. అంతవరకూ ఎవరికీ అయిదు పడలేదు.

"అయిదే ఉన్నాయి సార్" అన్నాడు దేవదానం. "ఇంకో రెండుంటే అయీ పట్టుకొందును."

కింద ముందుగా నవ్వింది యోహాను. చెట్టుకు ఆనుకొని, కర్ర పక్కన పెట్టుకొని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. హెడ్మాస్టరు గారు గుండు సగంలో ఉండి, "సార్, నాక్కూడా అయిదేసుకోండి" అని కేకేశారు. వెనక వచ్చేవాళ్ళంతా ఒకరిని మించి ఒకరు మేకులు పట్టుకొన్నారు. ఆ పూట ఎవరూ వణకలేదు, ఎవరూ జారలేదు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన మా మామ పరువు పులిహోర చల్లారేలోపల ఆవిరైపోయింది.

లారీలో వస్తూ ఆయన మా అమ్మతో ఒకే మాటన్నాడు. "అయిదు మేకులోడికి పిల్లనియ్యను."

మా అమ్మ మెత్తని మనిషే కానీ ఈసారి మెత్తబడలేదు. అయ్యగారి దగ్గరికి పోయి పెళ్ళి ప్రకటన ఇచ్చింది. మా పద్ధతిలో ప్రకటనను మూడు ఆదివారాలు చర్చిలో చదవాలి. ప్రతిసారీ, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవలసిందని అడుగుతారు. మేనమామ లేచి వద్దంటే తాను ఆ పెళ్ళి చేయలేనని అయ్యగారు ముందే చెప్పారు. మొదటి ఆదివారం మామ లేవలేదు. రెండో ఆదివారమూ లేవలేదు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం లేస్తా. లేచి వద్దంటా. తర్వాత నన్ననుకొని లాభం లా."

"నీకేం అన్యాయం చేసినాడు మామా?" అన్నాను.

"నాకు గాదు, గుండుకి చేసినాడు" అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. "ఒక పని చెయ్యమను. శనివారం పొద్దున ఆడికి రమ్మను. ఆ మేకులన్నీ నేనే పీకేస్తా. మేకుల్లేని గుండెక్కితే నోరెత్తను."

దేవదానానికి చెప్తే, "పెద్దాయన పిలిచినాడు, పోకపోతే ఏం బాగుంటది?" అన్నాడు. పోయి ఎక్కుతాడేమోనని నేనూ బయల్దేరాను. గనుల లారీ మస్తానుది. మమ్మల్ని గుండు దగ్గర దించి, తనకు పని లేక తనూ చూస్తూ నిలబడ్డాడు.

మామ సుత్తీ చిన్న గడ్డపారా గోతంలో వేసి వీపుకు కట్టుకొని మొదలుపెట్టాడు. ఒక చెయ్యి పగుల్లో దూర్చి, రెండో చేత్తో మేకును అటూ ఇటూ కొట్టి, కదిలించి, పీకి గోతంలో వేసుకొన్నాడు. ఒకటి పీకి పైకి, ఇంకొకటి పీకి ఇంకా పైకి. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి అద్భుతంగానే ఉంది. అంత చాకచక్యం అంత పనికిమాలిన పనికి వాడేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. చివరి మేకు కూడా పీకి, నెత్తిన నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకొన్నాడు.

"ఇప్పుడు రావోయ్" అన్నాడు.

దేవదానం గుండును కింది నుంచి పైదాకా చూశాడు. "నేను రాను సార్. ఊరికే ఎందుకు చచ్చేది?" అన్నాడు.

"అయితే పెళ్ళి లా."

"సరే. దిగి రండి, మాట్లాడుకుందాం."

మామ వెనక్కి తిరిగి, అంచున బోర్లా పడుకొని, అలవాటు ప్రకారం ఎడమకాలు కిందికి జార్చాడు. కాలు మేకు కోసం వెతికింది. ఎడమకు వెతికింది, కుడికి వెతికింది. బెజ్జంలో బొటనవేలు పెట్టి చూసుకొంది. తర్వాత ఆ కాలు మెల్లగా పైకి పోయింది.

కాసేపు ఆయన కనపడలేదు.

మస్తాను మొదట అర్థం చేసుకొన్నాడు. "యా అల్లా" అని నెత్తిన చెయ్యి పెట్టుకొన్నాడు. తర్వాత నాకూ అర్థమైంది. దిగడం లెక్కలో లేదని మేమంతా ఎన్నేళ్ళు అనుకొన్నామో, అన్నేళ్ళూ ఆయన మా అందరికంటే గట్టిగా నమ్మాడు. ఏడాదికి ఒకసారి తన చేతులు తాను పట్టుకొన్న మేకులు తనకే గుర్తులేనంతగా నమ్మాడు.

"సార్, దిగతారా?" అని కేకేశాడు దేవదానం.

"ఈడ గాలి బాగుంది. మీరు పోండి" అని పైనుంచి జవాబు.

ఏప్రిల్ నెల. ఆకు కదలడం లేదు. నేను చాప పరిచి, తెచ్చిన పెరుగన్నం విప్పి మస్తానుకింత పెట్టి నేనూ తిన్నాను. సిగ్గెందుకు, నాకు చాలా రుచిగా ఉంది. దేవదానం మాత్రం తినలేదు. తల ఎత్తి అట్లాగే చూస్తున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ గుండు పెనంలా కాగుతుంది. పైన పిడికెడు నీడ లేదు, ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు, మంచినీళ్ళు లేవు. కొంతసేపటికి మామ అంచున కనపడ్డాడు. ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద, అది ఎత్తి దీని మీద నిలబడుతున్నాడు. తర్వాత ఖాళీ చేసిన గోతం మీద నిలబడ్డాడు. ఈల ఊదుతాడేమోనని చూశాను, ఊదలేదు. అంత పౌరుషం. మస్తాను గనుల దగ్గరికి పోయి తాడు తెస్తానంటే, పైనుంచి "తాడు తెచ్చినావంటే దూకతా" అని గొంతు మాత్రం వచ్చింది. అప్పటికే ఆ గొంతు ఎండిపోయి ఉంది.

"ఇప్పుడు అడుగు" అన్నాను దేవదానంతో. "పెళ్ళికి ఒప్పుకొంటేనే సాయం అని చెప్పు. రేపు లేవనని ఒట్టేయించు."

ఆయన నా వంక కొత్తగా చూశాడు. "కాళ్ళు కాలతా ఉంటే ఒప్పుకొనింది ఒప్పుకొనిందేనా? పశువుని కూడా అట్ట లొంగదియ్యరు" అన్నాడు. అని పైకి కేకేశాడు. "మామా, ఆ మేకులూ సుత్తీ కిందికి పారెయ్యండి."

అంతవరకూ సార్ అనేవాడు. మామా అనడం అదే మొదలు.

"ఎందుకు?"

"ఊరికే."

చాలాసేపటికి ఒక మేకు వచ్చి పడింది. తర్వాత సుత్తి, తర్వాత మిగతావి, రాయికి కొట్టుకొంటూ తలా ఒక దిక్కుకు. నాలుగు దొరికాయి. అయిదోది ముళ్ళపొదల్లోకి పోయింది. మస్తానూ నేనూ చేతులు గీరుకొనిపోయేట్టు వెతికినా కనపడలేదు.

దేవదానం మొదటి బెజ్జంలో మేకు పెట్టి, వదులుగా ఉంటే కర్రముక్కలు దూర్చి దిగగొట్టాడు. దాన్ని పట్టుకొని లేచి, దాని మీద నిలబడి రెండోది కొట్టాడు. మూడో బెజ్జం దగ్గర ఆగి, మిగిలిన రెండు మేకులూ పైవాటికి కావాలని ఆ బెజ్జాన్ని ఖాళీగా వదిలేసి పోయాడు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. పగుల్లో వేళ్ళు దూర్చి, పొట్ట రాతికి ఆనించి, జానెడు జానెడు జరిగాడు. ఆయన పడితే నేను బతకనని అప్పుడు నాకు తెలిసింది. మేకు లేకుండా ఆయన ఎక్కింది ఆ ఒక్క చోటే. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తట్టలేదు, నేనూ ఎత్తలేదు.

నాలుగూ అయిదూ కొట్టి, మళ్ళీ కిందికి దిగి, రెండో మేకు మీద నిలబడి పైకి చెప్పాడు. "ఇంక రండి మామా. పైరెండూ ఉండాయి. తర్వాత ఒకటి లా, ఆడ నా చెయ్యి ఉంది."

మామ దిగాడు. అయిదో మేకు పట్టుకొన్నాడు, నాలుగోది పట్టుకొన్నాడు. పట్టుకోవడమంటే ఎంత గట్టిగానో, పిడికిళ్ళు తెల్లబడ్డాయి. మూడో బెజ్జం దగ్గర ఆయన కాలు గాలిలో ఆడింది.

"నా చెయ్యి పట్టుకోండి."

"అక్కర్లా" అన్నాడు. అన్న తర్వాత పట్టుకొన్నాడు. మణికట్టును చుట్టేసి పట్టుకొని, బరువంతా దాని మీద వేసి, రెండో మేకు మీదికి వచ్చి, ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. వదిలితేగాని దిగడానికి లేదని దేవదానం నచ్చజెప్పాల్సి వచ్చింది.

కిందికి వచ్చాక చెంబెడు నీళ్ళు తాగి, బొబ్బలెక్కిన కాళ్ళు చూసుకొని, మా మామ అన్న మొదటి మాట ఇది. "నేను రమ్మన్లేదు. నువ్వే వచ్చినావు."

"అవును మామా" అన్నాడు దేవదానం.

ఊరు చేరి లారీ దిగేముందు, "మరి రేపు?" అని నేనే అడిగాను. మామ కాలు నేలకు ఆనీ ఆనకుండా నడిచిపోయాడు. ఒట్టు వేయించుకోని దేవదానం పెద్దమనిషితనాన్ని నేను ఆ రాత్రంతా మనసులో తిట్టుకొన్నాను.

ఆదివారం చర్చి నిండింది. శనివారం సంగతి మస్తాను ఎవరికీ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. అందరికీ తెలిసింది ఒకటే, మేనమామ ఇవాళ లేస్తాడని. అమ్మ నా పక్కన కూర్చొని పాటల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని ఉంది. మగవాళ్ళ వైపు దేవదానం పొడుగు చేతుల చొక్కా వేసుకొని వచ్చాడు, మణికట్టు మీద కమిలిన మచ్చ కనపడకుండా. అయ్యగారు ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవలసిందని అడిగి, అడగకూడనిది అడిగినవాడిలా నేల చూపులు చూశారు.

టక్కుమని ఈల బల్లకు తగిలిన చప్పుడైంది. మామ లేస్తున్నాడు.

ఎప్పటిలా స్ప్రింగులా లేవలేదు. కాళ్ళకు గుడ్డలు చుట్టుకొని ఉన్నాడు. ఒకసారి లేవబోయి కూలబడ్డాడు. అప్పుడు రెండు చేతులూ చాచి, ముందు బల్లను పట్టుకొన్నాడు. చర్చి అంతా అటు చూస్తోంది. ఆ బల్ల పట్టుకొని, దాని మీద బరువంతా వేసి, మా పెద్దమామ లేచి నిలబడ్డాడు.

"నాకేం అభ్యంతరం లా" అన్నాడు.

అయ్యగారు బిత్తరపోయి, "అభ్యంతరం ఉన్నవాళ్ళనే గదండీ అడిగింది" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. యోహానే అయ్యుంటాడు. మామ ఆ నవ్వు వైపు తిరిగి చూడలేదు. తర్వాత కూర్చొన్నాడు కానీ, ఆరాధన అయిపోయి అందరం బయటికి వచ్చేదాకా ఆ బల్ల మీది నుంచి చేతులు తీయలేదు.

ఆ తర్వాత మారిపోయాడేమో అనుకోకండి. కాళ్ళు మానగానే మళ్ళీ బస్సులో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పట్టుకొన్నోడే పడతాడని మా పెళ్ళి విందులో కూడా చెప్పాడు. యోహానుకు ఒక్క మంచిమాట చెప్పలేదు. మిద్దెకు పిట్టగోడ కట్టించలేదు, మా అత్త దేక్కుంటూనే పోయింది. ఇవన్నీ ఆయన లెక్కలో ఉన్నాయి, నేను ఒక్కటీ కొట్టేయను.

మొన్న పెట్టె అడుగుకు ఆనిన తర్వాత మిగతా ముగ్గురూ తాళ్ళ కొసలు వదిలేశారు. మా ఆయన మాత్రం కాసేపు పట్టుకొనే నిలబడ్డాడు. "వదులు" అన్నాను దగ్గరికి పోయి. వదిలాడు.